పఠనగోష్ఠులకు నవలల సిఫారసు: కోనసీమ నుండి ఒక ఉదాహరణము

నవలను పరిశోధించుట వేరు, దానిని మరియొకరిచేత చదివించుట వేరు. మొదటి పనికి మన శాఖలలో పద్ధతులు కలవు. ఇతివృత్తము, సంవిధానము, పాత్రపోషణము, శైలి అను శీర్షికల క్రింద గ్రంథమును విభజించి పరీక్షింతుము. రెండవదానిని మనము పనిగానే యెంచలేదు. గ్రామ గ్రంథాలయమున పదిమంది కూడి నెలకొక పుస్తకము చదువుకొనువారు వచ్చి, "ఈ నెల మేము ఏది చదువవలెను?" అని అడిగినచో మన సిద్ధాంతవ్యాసములు వారికి బదులు చెప్పజాలవు.

ఈ లోపము క్రొత్తది కాదు. ధవళేశ్వరము రంగస్థలముగా కందుకూరి వీరేశలింగము రచించిన రాజశేఖర చరిత్రమునకు వివేకచంద్రిక యని నామాంతరము. దానిపై కాశీభట్ట బ్రహ్మయ్యశాస్త్రి 'వివేకచంద్రికా విమర్శనము' వ్రాసెను. తెలుగున నవలావిమర్శకు అది తొలి అడుగులలో నొకటి. కాని అది గ్రంథకర్తకును విమర్శకునకును నడుమ నడచిన వాదము. చదువరి ప్రేక్షకుడు మాత్రమే.

సిఫారసు చేయువాడు ముందుగా చూడవలసినది పుస్తకమును కాదు, కూర్చున్నవారిని. ఇందుకు కోనసీమకు చెందిన ఒక నవలను గైకొందము. మహీధర రామమోహనరావు (1909–2000) ముంగండలో జన్మించెను. పండితరాజ జగన్నాథుని అగ్రహారముగా ప్రసిద్ధికెక్కిన గ్రామమది. ఆయన 'కొల్లాయిగట్టితేనేమి?' 1960 దశకమున వెలువడినది. పేరు బసవరాజు అప్పారావు గాంధీజీపై కట్టిన పాటనుండి వచ్చినది. సహాయనిరాకరణోద్యమ కాలమున కళాశాల చదువు విడిచి ముంగండకు తిరిగివచ్చిన రామనాథము అను బ్రాహ్మణ యువకుని కథ ఇది. ఉద్యమము సభలలో నుండి ఇండ్లలోనికి, అనగా పంక్తిభోజనము, మడి, పెండ్లి, బంధుత్వముల లోనికి ఎట్లు ప్రవేశించెనో చూపుటయే దీని విశిష్టత. రాజకీయ చరిత్ర గ్రంథములు ఇచ్చట మూగవోవును.

అమలాపురము, కొత్తపేట ప్రాంతముల చదువరులకు దీనిని చేతికిచ్చుట సులభమని తోచును. ఊరు తెలిసినది, మాట తెలిసినది. అయినను దీనియందు చర్చలు దీర్ఘములు; కథావేగమునకు అలవాటుపడినవారు నడుమ పుస్తకము మూయుదురు. ఈ మాట దాచి "మహత్తర నవల" అని మాత్రము చెప్పిన సమీక్షకుని సిఫారసును గోష్ఠి రెండవమారు అడుగదు. రెండు నెలలకు పంచి చదువుడని ముందే చెప్పుట మేలు.

ఇంతకన్న పెద్ద చిక్కు వేరొకటి యున్నది. కథ అగ్రహారపు వాకిటనుండి కనబడునట్లు చెప్పబడినది. పేటనుండి వచ్చిన చదువరి, "ఆ యేండ్లలో మా ముత్తాత ఎక్కడ నుండెను?" అని అడుగును. ఇది నవలకు దోషము కాకపోవచ్చును, కాని ప్రశ్న న్యాయమైనది. అందుచేత దీని వెంటనే జి. కల్యాణరావు 'అంటరాని వసంతము' (2000) చదువవలెనని నా అభిప్రాయము. అందలి ఎన్నెలదిన్ని కోనసీమ గ్రామము కాదు. అయినను ఎల్లన్న పాట, సుభద్ర ధైర్యము, క్రైస్తవము స్వీకరించిన తరములు, పిదప విప్లవమార్గము పట్టిన తరము, ఇవన్నియు రూతు జ్ఞాపకములుగా వచ్చుచుండగా పేట చదువరికి తన యింటి కథ వినవచ్చును. రెండవ సగమున వేగము హెచ్చి పాత్రలు పలుచబడుట నిజము. ఎల్లన్న భాగమునకు సాటివచ్చునది తెలుగు నవలలో అరుదు.

రెండును ఒకే గోష్ఠిలో పెట్టిన కలహము రేగునని కొందరు ఉపాధ్యాయులు జంకుదురు. జంకు అకారణము కాదు. జిల్లాకు డాక్టర్ బి. ఆర్. అంబేడ్కర్ పేరు చేర్చు విషయమై 2022 మే 24న అమలాపురమున ఇండ్లు తగులబడినవి. ఆ పిదప ఒకే బల్లచుట్టు కూర్చుండుట అలవాటు చేసికొనవలసినవారికి, ఎవరికి వారికి నచ్చిన పుస్తకమునే ఇచ్చి పంపుట సమీక్షకుని పిరికితనమని నా తలంపు. మొదట పేటవారి నవల, పిదప అగ్రహారపు నవల చదివినచో మేలని ఒక విద్యార్థి నాతో వాదించెను. అతని వాదమునందు బలము కలదు. ముంగండ తెలిసిన ఊరు గనుక దానితో ఆరంభించుట సులభమని మాత్రమే నా పక్షము.

నేను గోష్ఠివారి పుస్తకములో ఇట్లు వ్రాయుదును: "కొల్లాయిగట్టితేనేమి? రెండు నెలలు. చర్చలు వచ్చిన చోట తొందరపడక, ఒకరు చదువగా తక్కినవారు వినుడు. అంటరాని వసంతము, రెండు నెలలు. తొలి భాగమును బిగ్గరగా చదువుడు. రెండింటి నడుమ ఒక వారము విరామముంచి, ఎవరి తాత ఏ వీధిలో నుండెనో చెప్పుకొనుడు."