సముద్రం దగ్గర నుంచి ఇంటికి రాబుద్ధి కాదా?

పాలకుర్తి నుంచి ఒక సోదరి ఇలా రాశారు: "ఏటా సద్దుల బతుకమ్మ, దసరా అయిపోగానే ఇంటిల్లిపాదీ సూర్యలంక వెళతాం. నాలుగు రోజులుంటాం. అక్కడ నాకు తలనొప్పి రాదు, నిద్ర పడుతుంది, ఆకలి వేస్తుంది. తిరుగు ప్రయాణం రోజు తెల్లవారేసరికి గుండెల్లో రాయి పడ్డట్టుంటుంది. ఇంటికొచ్చాక వారం పది రోజులు ఎవరితోనూ మాట్లాడబుద్ధి కాదు. ఇది జబ్బా? సముద్రపు గాలిలో ఏదైనా మందుందా?"

జబ్బు కాదమ్మా. కాని నవ్వి ఊరుకోవలసిన సంగతీ కాదు. ఇలాంటి దిగులు మీ ఒక్కరికే కాదు, చాలామందికి ఉంటుంది. పైకి చెప్పుకోరు, అంతే.

ముందు గాలి సంగతి చూద్దాం. వరంగల్లు వైపు వారికి సముద్రమంటే రైలెక్కితే గాని దొరకని వస్తువు. ఖమ్మం, విజయవాడ, తెనాలి దాటి బాపట్లలో దిగి, మరో 8, 9 కిలోమీటర్లు పోతే గాని సూర్యలంక రాదు. అంత దూరం పోయి పీల్చిన గాలిలో మహిమ ఉండాలనిపించడం సహజమే. పెద్ద పెద్ద డాక్టర్లే అలా అనుకున్నారు. 1750లో రిచర్డ్ రస్సెల్ అనే ఇంగ్లీషు వైద్యుడు సముద్ర స్నానమే కాదు, సముద్రపు నీళ్లు తాగడం కూడా మంచిదని పుస్తకం రాశాడు. (మీరు తాగేరు సుమా! దాహం తీరకపోగా విరేచనాలు పట్టుకుంటాయి.) తర్వాతి కాలంలో సముద్రపు గాలిలో ఓజోను ఉందనీ, అది ఊపిరితిత్తులకు బలమనీ ప్రచారం జరిగింది. అదీ నిజం కాదు. ఓజోను ఎక్కువైతే ఊపిరితిత్తులకు హానే. ఒడ్డున మనకు తగిలే ఆ వాసన చాలావరకు సముద్రంలోని సూక్ష్మజీవుల వల్ల పుట్టే ఒక గంధకపు వాయువుది. అందులో మందేమీ లేదు.

మరి తలనొప్పి ఎందుకు తగ్గింది? అక్కడ మీ రోజు ఎలా గడిచిందో ఒక్కసారి గుర్తు చేసుకోండి. పెందలాడే పడుకున్నారు. సూర్యోదయం చూడాలని చీకటితో లేచారు. ఉదయపు వెలుతురు కంట పడితే శరీరంలోని గడియారం సర్దుకుని, రాత్రికి నిద్ర వేళకు వస్తుంది. ఇసుకలో చాలా దూరం నడిచారు. పొడి ఇసుకలో నడకకు గట్టి నేల మీది కన్నా రెండింతలకు పైగా శ్రమ పడుతుంది. ఆకలి అందుకే వేసింది.

అన్నిటికన్నా పెద్ద సంగతి ఇంకొకటుంది. ఆ నాలుగు రోజులూ పొద్దున్నే టీ మరెవరో పెట్టి ఇచ్చారు. "ఈ పూట కూరేమిటి?" అని మిమ్మల్ని ఎవరూ అడగలేదు. మీ వారిని అడిగి చూడండి, ఆయనకు ఇంత దిగులు ఉండకపోవచ్చు. ఎందుకంటే ఆయన తిరిగి వచ్చేది ఇంటికి. మీరు తిరిగి వచ్చేది పనికి. బతుకమ్మకు పుట్టింటికి పోయిన ఆడపిల్ల తిరుగు బస్సెక్కేటప్పుడు కళ్లు తుడుచుకోవడం మన వైపు కొత్తా? అమ్మ మీద బెంగ కొంతయితే, అడక్కుండా కంచంలో అన్నం పెట్టే చెయ్యి దూరమవుతున్నందుకు కొంత.

హాలెండులో కొందరు పరిశోధకులు సెలవు మీద వెళ్లిన 54 మంది ఉద్యోగుల ఆరోగ్యాన్ని గమనించి 2013లో ఫలితం ప్రకటించారు. సెలవులో వారి ఆరోగ్యం, హుషారు పెరుగుతూ ఎనిమిదో రోజుకు శిఖరానికి చేరాయి. పనిలో చేరిన మొదటి వారంలోనే ఎప్పటి స్థితికి దిగిపోయాయి. అది మూడు వారాల సెలవు! మీ నాలుగు రోజుల గురించి చెప్పేదేముంది? అంచేత సెలవు పొడిగిస్తే దిగులు పోతుందని ఆశపడకండి. తిరిగి వచ్చే తీరు మార్చుకోవాలి.

ఆదివారం రాత్రి ఇల్లు చేరి సోమవారం తెల్లవారుజామున పొయ్యి వెలిగించే ప్రయాణం పెట్టుకోకండి. ఒక రోజు ముందే వచ్చేయండి. ఆ రోజు మీరు వంట చేయవద్దు. ఉప్పు, ఇసుక పట్టిన బట్టల మూట విప్పే పని మరొకరిది. నిద్ర వేళ అక్కడిదే ఇక్కడా ఉంచండి. సముద్రం లేకపోతేనేం, పాలకుర్తిలో సోమేశ్వరుడి గుట్ట ఉంది. పొద్దున్నే అరగంట నడవండి, ఒంటరిగా అయినా సరే. రక్తపోటు మాత్రలు వాడేవారయితే ప్రయాణంలో మానేశారేమో చూసుకోండి. వచ్చాక పట్టుకునే తలనొప్పికి ఒక్కోసారి అదీ కారణమే.

పిల్లల విషయం కూడా ఒక మాట. బడి తెరిచే రోజు పొద్దున కడుపునొప్పి అన్న ప్రతి పిల్లాడూ దొంగ కాడు. దిగులుకు కడుపు నిజంగానే నొప్పెడుతుంది. కసరకండి. కాని బడి మాన్పించకండి కూడా. జ్వరం, వాంతులు ఉంటే, లేదా నొప్పి తగ్గకపోతే డాక్టరుకు చూపించండి.

ఇక జాగ్రత్త పడవలసిన చోటు. దిగులు వారం పది రోజుల్లో తగ్గితే భయం లేదు. రెండు వారాలు దాటినా తగ్గక, నిద్ర, ఆకలి చెడి, ఇష్టమైన పనీ చేయబుద్ధి కాకపోతే అది కుంగుబాటు కావచ్చు. దానికి చికిత్స ఉంది. "ఇంటికి రాకుండా అలల్లోకి వెళ్లిపోతే బాగుండు" అన్న ఊహ ఒక్కసారి వచ్చినా రెండు వారాలు ఆగవద్దు. ఆ రోజే ఇంట్లో ఒకరికి చెప్పండి, డాక్టరును చూడండి. 2022లో మొదలైన ప్రభుత్వ టెలిమానస్ నంబరు 14416కు ఏ వేళయినా ఫోన్ చేయవచ్చు, డబ్బు తీసుకోరు, తెలుగులోనే మాట్లాడవచ్చు. ఇంట్లో ఎవరైనా చెయ్యి చేసుకుంటున్నందువల్ల ఇంటికి రావడానికి భయమైతే అది సెలవు దిగులు కాదు. మహిళల సహాయానికి 181 నంబరుంది.

మీ ఉత్తరంలో అలాంటిదేమీ కనిపించలేదు. కనుక ఈ పేజీ మీ వారికి కూడా చూపించండి. అయ్యా, వారానికి రెండు పూటలు పొద్దుటి టీ మీరు పెట్టండి. పాలు పొంగకుండా చూడడం ఒక్కటే అందులో కష్టం. పెద్ద పిల్లవాడికి బియ్యం కడిగి కుక్కరు పెట్టడం నేర్పండి. రెండు నెలలు గడిచాక ఆవిడ తలనొప్పి ఎలా ఉందో ఈసారి మీరు ఉత్తరం రాయండి.