సెనేటరు డియోక్నో

1972వ సంవత్సరము సెప్టెంబరు 23వ తేదీ ఉదయమున మనీలా నగరమందు రేడియో మీట త్రిప్పిన గృహస్థులకు అలవాటైన కంఠములు వినరాలేదు. వార్తల వేళకు వార్తలు లేవు. యంత్రము చెడినదేమోయని పలువురు అటునిటు త్రిప్పి చూచియే యుందురు. యంత్రములు చెడలేదు. రాత్రికి రాత్రి సైనికులు ప్రసార కేంద్రములను, పత్రికాలయములను మూయించిరి. ఆ సాయంకాలము అధ్యక్షుడు ఫెర్డినాండ్ మార్కోస్ స్వయముగా మాట్లాడి, దేశమంతటను సైనిక శాసనము విధించితినని ప్రకటించువరకును జనులకు కారణము తెలియలేదు. రేడియోయే వృత్తిగా గలవారము గనుక ఆ నిశ్శబ్దమును గురించి చదివినపుడెల్ల మాకు మనస్సు కలుక్కుమనును.

ఆ ప్రకటనకు ఎంతో ముందుగా, ఇంకను తెల్లవారకయే, సైనికులు సెనేటరు హోసే డియోక్నో గారి ఇంటికి వచ్చి ఆయనను కొనిపోయిరి. వారియొద్ద వారంటు లేదు. ఆయనపై నేరమేదియు మోపలేదు. తరువాత కూడ మోపలేదు. అయినను 718 దినములు నిర్బంధమున నుంచిరి. పాలకులు తొలిరాత్రియే వెదకికొనుచు వచ్చునంతటి ఈ మనుష్యుడెవరో శ్రోతలకు చెప్పదలచితిమి.

తండ్రి కూర్చున్న పీఠమున కుమారుడు, అన్న విడిచిన పదవిలో తమ్ముడు – ఈ విధముగా భూములవలెనే పదవులును వారసత్వమున సంక్రమించు కుటుంబములు ఫిలిప్పీన్సు దేశమున పెక్కు గలవు. డియోక్నో కుటుంబమును రాజకీయ కుటుంబమే. కాని ఆ ఇంట పదవి నిలిచినదానికంటె చేజారినదే ఎక్కువ.

తాతగారు అనానియాస్ డియోక్నో స్పెయిను పాలనపై తిరుగబడిన విప్లవసేనలో జనరలు. 1898లో విసాయా దీవులకు దండు నడపిరి. తండ్రి రామోన్ పేరుపొందిన న్యాయవాది. హోసే 1922 ఫిబ్రవరి 26న మనీలాలో జన్మించిరి. ఆయన విద్యాప్రతిభను గూర్చి ఒక్కమాట చెప్పక తప్పదు. 1940లో పబ్లిక్ అకౌంటెంట్ల పరీక్షయందు దేశమునకంతటికిని ప్రథములైరి; అప్పటికి పదునెనిమిదేండ్లే గనుక లైసెన్సు కొరకు ఇరువదియొకటవ యేడు నిండువరకు వేచియుండవలసివచ్చెను. యుద్ధకాలమున చదువు నిలిచిపోగా, తండ్రిగారి బీరువాలలోని న్యాయగ్రంథములే చదువుకొని, పట్టము లేకున్నను ప్రత్యేకానుమతిపై 1944లో న్యాయవాద పరీక్షకు కూర్చుండిరి. అందును ప్రథమస్థానమే. ఆ స్థానమును ఆయనతో సమముగా పంచుకొన్న హోవితో సలోంగా కూడ తరువాత సెనేటరైరి.

1946లో రామోన్ డియోక్నో సెనేటునకు ఎన్నికైరి. ఆ యేడే దేశము స్వతంత్రమాయెను. కాని యుద్ధమున పాడైన దేశమునకు అమెరికా చేయు సాయముతోపాటు ఒక షరతు వచ్చెను. గనులు, అడవులు మున్నగు ప్రకృతిసంపదను వినియోగించుకొనుటలో అమెరికనులకును స్వదేశీయులతో సమానమగు హక్కు నీయవలెను. అందుకై రాజ్యాంగమును సవరింపవలెను. సవరణకు కాంగ్రెసున నాల్గింట మూడువంతుల వోట్లు కావలెను. ఇట్టి సమయమున, ఎన్నికలలో అక్రమములు జరిగినవను కారణము చూపి, రామోన్ డియోక్నోతో సహా ముగ్గురు సెనేటర్లను, మరికొందరు ప్రతినిధులను సభలలో కూర్చుండనీయలేదు. వారు సర్వోన్నత న్యాయస్థానమునకు పోయిరి. ఆ వ్యాజ్యమున తండ్రి పక్షమున నిలిచిన న్యాయవాదులలో హోసే యొకరు, వయస్సు ఇరువదినాలుగేండ్లు. శాసనసభ వ్యవహారములలో తాము జోక్యము చేసికొనజాలమని న్యాయమూర్తులు త్రోసిపుచ్చిరి. రానీయబడనివారిని లెక్కింపకపోవుటచేతనే సవరణ నెగ్గెను.

1961 డిసెంబరులో అధికారమునకు వచ్చిన అధ్యక్షుడు మకపగాల్ హోసే డియోక్నోను న్యాయశాఖకు మంత్రిగా తీసికొనిరి. ఆ పదవి కొన్ని నెలలే. హారీ స్టోన్‌హిల్ అను అమెరికను వ్యాపారి యుద్ధానంతరము అచ్చటనే నిలిచి, సిగరెట్లు మొదలుగా పెక్కు వ్యాపారములు పెంచి, రాజకీయులను డబ్బుతో లోబరచుకొన్నాడని ఆరోపణ వచ్చెను. 1962 మార్చిలో డియోక్నో 42 సోదా వారంట్లతో అతని ఇండ్లను, కార్యాలయములను వెదకించిరి. విచారణ ముందుకు సాగినచో ఎవరెవరి పేర్లు బయటపడునోయని రాజధాని గుసగుసలాడెను. మే నెలలో మంత్రిని రాజీనామా అడిగిరి. వ్యాపారిని విచారణ లేకుండ దేశమునుండి పంపివేసిరి. లంచమిచ్చినవానిని దాటనిచ్చిన పిమ్మట పుచ్చుకొన్నవారిని ఎట్లు శిక్షింపగలమని డియోక్నో బహిరంగముగ ప్రశ్నించిరి.

ఈ వ్యవహారమునకు మరియొక ముఖము కలదు. దానిని దాచి ఆయనను పొగడుట మాకిష్టము లేదు. ఆ వారంట్లు ఏ నేరమునకో నిర్దిష్టముగ చెప్పక అన్నిటిని వెదకుటకు వీలిచ్చినవి గనుక చెల్లవనియు, ఇండ్లలో దొరికిన కాగితములు సాక్ష్యమునకు పనికిరావనియు 1967లో సర్వోన్నత న్యాయస్థానము తీర్పు చెప్పెను. పౌరుని గడపను పోలీసునుండి కాపాడు ఆ తీర్పునకు ‘స్టోన్‌హిల్ – డియోక్నో’ అని పేరు. పౌరహక్కులకై తరువాత అంత పోరాడిన మనుష్యుని పేరు అచ్చట ప్రతివాదిగా నిలిచిపోయినది!

1963లో నాసియొనలిస్టా పార్టీ పక్షమున సెనేటునకు ఎన్నికై, 1969లో మరల గెలిచిరి. 1967 నాటి పెట్టుబడుల ప్రోత్సాహక శాసనము, 1971 నాటి చమురు పరిశ్రమ కమిషను శాసనము ఆయన కృషిఫలములు. మార్కోస్‌దియు అదే పార్టీ. 1971 ఆగస్టులో మనీలాలోని ప్లాసా మిరాందా యందు ప్రతిపక్ష సభపై బాంబులు పడగా, మార్కోస్ హెబియస్ కార్పస్ హక్కును నిలిపివేసిరి. బంధించితిరి గదా, కారణమేమో న్యాయమూర్తి ఎదుట చెప్పుడని అడుగు హక్కు అది. డియోక్నో పార్టీని విడిచిరి. పౌరస్వాతంత్ర్యములకై సభలు జరిపిరి. నిర్బంధమునకు కారణము వేరుగ వెదకనక్కరలేదు.

1973 మార్చిలో ఆయనను, సెనేటరు బెనిగ్నో అకీనోను కండ్లకు గంతలు కట్టి హెలికాప్టరులో లావూరు వద్దనున్న సైనిక శిబిరమునకు తరలించి, సుమారు నెలదినములు వేర్వేరు గదులలో ఒంటరిగ నుంచిరి. వారి వస్తువులు ఇండ్లకు తిరిగివచ్చెను. భర్తలు ఎచ్చటనున్నారో, ఉన్నారో లేరో భార్యలకు తెలియలేదు.

ఆయన భార్య కార్మెన్ దాఖలు చేసిన హెబియస్ కార్పస్ అర్జీ అప్పటికిని న్యాయస్థానమున పడియుండెను. ఇంతలో చేతులెత్తించి ఆమోదింపజేసిన క్రొత్త రాజ్యాంగము వచ్చెను. న్యాయమూర్తులు దానికి విధేయులమని ప్రమాణము చేసిరి. 1973 డిసెంబరులో డియోక్నో తన అర్జీని ఉపసంహరించుకొందునని కోరిరి. ఈ న్యాయస్థానమునుండి తనకు న్యాయము లభించునని ఆశింపజాలనని హేతువు చూపిరి. జీవితమంతయు న్యాయస్థానములనే నమ్మినవాడు, చెరలోనుండి, ఉన్న ఒక్క త్రోవను తానే మూసికొనుట సామాన్యము కాదు. మా దృష్టిలో ఆయన వాదించిన వాదములన్నిటికంటె ఈ మౌనమే బలమైనది. 1974 సెప్టెంబరు 11న, మార్కోస్ పుట్టినరోజున, ఆయనను విడిచిపెట్టిరి. ఆరు దినములకు మిగిలినవారి అర్జీలు కొట్టివేయబడెను.

సెనేటు లేదు, దాని తలుపులకు తాళములు. ఆ సంవత్సరమే డియోక్నో ఉచిత న్యాయసహాయ సంఘమును స్థాపించి, సైనికుల చేజిక్కిన రైతులకు, కూలీలకు, విద్యార్థులకు రుసుము లేకుండ వాదించుట మొదలిడిరి.

1986 ఫిబ్రవరిలో మార్కోస్ పాలన కూలి, హత్యకు గురియైన అకీనో భార్య కొరసోన్ అధ్యక్షురాలైరి. డియోక్నో మానవహక్కుల సంఘమునకు అధ్యక్షులై, తిరుగుబాటుదారులతో సంధి మాటలకును ప్రభుత్వ పక్షమున నాయకత్వము వహించిరి. అప్పటికే ఊపిరితిత్తులలో కేన్సరు. 1987 జనవరి 22న భూమి కొరకు అధ్యక్ష భవనమునకు వచ్చుచున్న రైతులపై మెందియోలా వంతెనయొద్ద ప్రభుత్వ బలగములు కాల్పులు జరుపగా పలువురు మరణించిరి. ఈ మారు అధికారమున నున్నవారు మిత్రులు. డియోక్నో రెండు పదవులకును రాజీనామా యిచ్చిరి. ఫిబ్రవరి 27న, అరువదియైదవ జన్మదినము గడచిన మరునాడు, మరణించిరి.

సెనేటు మరల తెరువబడినది ఆ యేడు జూలై 27న. అప్పటికి ఆయన పోయి సరిగా ఐదు నెలలు. ఆయన పదిమంది సంతానములో హోసే మాన్యుయెల్ తండ్రి స్థాపించిన న్యాయసహాయ సంఘమునకు అధ్యక్షులైరి. 2019లోను 2022లోను సెనేటునకు పోటీచేసి ఓడి, 2025లో ప్రతినిధుల సభకు ఎన్నికైరి.