నాసాగ్రసని క్యాన్సర్‌లో కణితి నిరోధక జన్యువుల పాత్ర

ఉపోద్ఘాతం:

ముక్కు వెనుక భాగం గొంతుతో కలిసే చోటును నాసాగ్రసని అంటారు. అక్కడి ఉపకళా కణజాలంలో పుట్టే క్యాన్సర్ దక్షిణ చైనా, ఆగ్నేయాసియా, ఉత్తర ఆఫ్రికా ప్రాంతాలలో ఎక్కువగా కనిపిస్తుంది. భారతదేశంలో ఇది అరుదైనదే అయినా నాగాలాండ్ వంటి ఈశాన్య రాష్ట్రాలలో దీని తాకిడి అధికం. ఈ కణితులలో అధికశాతం ఎప్‌స్టీన్-బార్ వైరస్‌తో ముడిపడి ఉన్నాయి. అయితే ఈ వైరస్ ప్రపంచంలోని వయోజనులలో 90 శాతానికి పైగా ఉంటుంది. వ్యాధి మాత్రం అతికొద్దిమందికే వస్తుంది. కనుక వైరస్ ఒక్కటే కారణం కాజాలదు. కణ విభజనను అదుపుచేసే కణితి నిరోధక జన్యువులు ఏ విధంగా నిష్క్రియమవుతాయో పరిశీలించడం అవసరం.

జన్యు నష్టం – జన్యు నిశ్శబ్దం:

ప్రతి కణంలోనూ ఈ జన్యువులకు సాధారణంగా రెండేసి ప్రతులుంటాయి. రెండూ దెబ్బతిన్నప్పుడే అదుపు పూర్తిగా తప్పుతుందని 1971లో ఆల్ఫ్రెడ్ నుడ్సన్ రెటినోబ్లాస్టోమా అధ్యయనం ద్వారా ప్రతిపాదించారు. నాసాగ్రసని క్యాన్సర్‌లో 3వ, 9వ క్రోమోజోముల పొట్టి భుజాలలోని భాగాలు తొలిదశలోనే లోపిస్తాయి. 3వ క్రోమోజోముపై ఉన్న ఆర్ఏఎస్ఎస్ఎఫ్1ఏ జన్యువు ఒక ప్రతి ఇలా పోగా, మిగిలిన ప్రతి తరచుగా మిథైలేషన్ వల్ల మూగబోతుంది. అంటే డీఎన్ఏ అక్షరక్రమం మారదు. జన్యువు ఆరంభ ప్రాంతంపై మిథైల్ సమూహాలు చేరి దాని పనిని నిలిపివేస్తాయి. 9వ క్రోమోజోముపై ఉన్న పీ16 జన్యువు కొన్ని కణితులలో పూర్తిగా తొలగిపోతుంది, మరికొన్నింటిలో మిథైలేషన్‌కు గురవుతుంది. అనేక ఇతర క్యాన్సర్లలో తరచుగా ఉత్పరివర్తనం చెందే పీ53 జన్యువు ఇక్కడ చాలావరకు చెక్కుచెదరకుండా ఉండటం విశేషం.

వైరస్ ప్రమేయం:

వైరస్ ఉత్పత్తిచేసే ఎల్ఎంపీ1 ప్రోటీన్, మిథైల్ సమూహాలను చేర్చే ఎంజైములను ఉత్తేజపరచగలదు. కణాల మనుగడకు తోడ్పడే ఎన్ఎఫ్-కప్పా బీ సంకేత మార్గాన్ని కూడా ఇది ప్రేరేపిస్తుంది. ఆ మార్గానికి కళ్లెం వేసే ట్రాఫ్3, సీవైఎల్‌డీ జన్యువులు కొన్ని కణితులలో ఉత్పరివర్తనాల వల్ల పనిచేయవు. ఎల్ఎంపీ1 అధికంగా ఉన్న కణితులలో ఇటువంటి ఉత్పరివర్తనాలు సాధారణంగా కనిపించవు. ఒకే ఫలితానికి ఇవి రెండు వేర్వేరు దారులని దీనినిబట్టి భావించవచ్చు.

ముగింపు:

తొలగిపోయిన జన్యువును తిరిగి తేవడం కష్టం. మిథైలేషన్‌ను మాత్రం వెనుకకు మళ్లించే అవకాశం ఉంది. కొన్ని రక్తవ్యాధులలో వాడుతున్న అజాసిటిడిన్, డెసిటబిన్ ఔషధాలు ఈ సూత్రంపైనే ఆధారపడినవి. కానీ అవి ఎంచుకున్న ఒక్క జన్యువుపైనే పనిచేయవు. నిద్రాణంగా ఉన్న వైరస్ జన్యువులను కూడా మేల్కొల్పగలవు. కనుక చికిత్సలో వీటి వినియోగానికి ఎంతో జాగ్రత్త అవసరం. రోగనిర్ధారణలో మాత్రం ఈ జ్ఞానం నేరుగా ఉపకరించగలదు. ఈ వ్యాధి తరచుగా మెడలో గడ్డ కనిపించేవరకు బయటపడదు. నాసాగ్రసని నుండి సేకరించిన కణాలలో మిథైలేషన్ గుర్తులను పరీక్షించడం ద్వారా వ్యాధిని ముందుగానే పసిగట్టగలిగితే, రేడియేషన్ చికిత్స బాగా ఫలించే దశలోనే రోగికి అది అందుతుంది.