మిక్సీ కడుపులో ఏముంది?

మన ఇళ్ళలో యంత్రం మూలపడితే దానికి మూడు గతులు: షాపుకు పోవడం, అటకెక్కడం, పాత సామాన్లవాడి బండెక్కడం. నాలుగో గతి కూడా ఒకటుంది. అది చదువుకునే పిల్లల చేతిలో పడడం. తెలుగు పాఠాలు చెప్పుకునే వాడికి ఈ గొడవ ఎందుకంటారా? మా మేనకోడలి ధర్మమా అని వచ్చింది.

మా బావ మిర్యాలగూడ రైసుమిల్లులో లెక్కలు రాస్తాడు. కూతురు కోదాడలో హాస్టల్లో ఉండి ఇంటర్ చదువుతోంది. విద్యుత్తు, అయస్కాంతాల లెక్కలు అవలీలగా చేస్తుంది గాని, మోటారు లోపలెలా ఉంటుందో ఎన్నడూ చూడలేదు. సెలవులకు సూర్యాపేటలో మా ఇంటికొచ్చింది. ఆ వారమే మా మిక్సీ రొద మాత్రం చేస్తూ, జారు తిప్పడం మానేసింది.

"మామయ్యా, విప్పి చూడనా?"

ప్లగ్గు పీకి స్క్రూడ్రైవరు చేతికిచ్చాను. "సరే, ఇవాళ్టికి పచ్చడి రోట్లోనే" అంది మా ఆవిడ.

అడుగు మూత తీస్తే రాగితీగ చుట్టలు, వాటి నడుమ తిరిగే ఇరుసు. ఇరుసు మీద రాగి పలకల గుండ్రం, దాన్ని కమ్యుటేటరంటారు. దానికి అటొకటి ఇటొకటి స్ప్రింగుతో ఒత్తుకున్న బొగ్గు ముక్కలు. వాటి గుండానే కరెంటు తిరిగే చుట్టలోకి పోతుంది. బయటి చుట్ట ఒక అయస్కాంతం, లోపలిది మరొకటి. వాటి తోపులాటకు ఇరుసు గిర్రున తిరుగుతుంది. రాపిడికి బొగ్గు అరిగిపోతుంది కనుక, మార్చుకునే వీలుగా పెట్టారు.

"మరి నాన్న మిల్లు మోటారుకూ బొగ్గులుంటాయా?" అంది. నేను నోరు తెరవకముందే తన పుస్తకం తిరగేసి తనే జవాబు చెప్పింది. మిల్లుల్లో మామూలుగా వాడే ఇండక్షన్ మోటారుకు బొగ్గులుండవు. బయటి చుట్టల్లో పుట్టిన అయస్కాంత బలం చుట్టూ తిరుగుతూ, తీగ తగలకుండానే లోపలి దానిలో కరెంటు పుట్టిస్తుంది. పరీక్షల కోసం బట్టీపట్టిన పేజీ అది!

మోటారులో లోపమేమీ కనబడలేదు. మెకానిక్కు దగ్గరికి తీసుకుపోతే, పైనున్న పళ్ళ బిళ్ళను వేలితో చూపాడు. కప్లరు. పళ్ళు అరిగిపోయాయి.

"ఇనుముతో చేయొచ్చుగా?" అంది పిల్ల.

"గట్లజేస్తే జారు పట్టేసినప్పుడు మోటరే కాలిపోతది బిడ్డా. గిది అరిగితే యాభై రూపాయలతోని పోతది."

కావాలనే ఒక భాగాన్ని బలహీనంగా చేసి, విలువైనదాన్ని కాపాడడం! ఫ్యూజు తీగ చేసే పనీ అదే.

ఇదంతా విని మా బావ చిరాకుపడ్డాడు. "మిక్సీలు విప్పితే ఉద్యోగాలొస్తాయా? కంప్యూటరు కోర్సులోనే చేరాలి." పిల్ల మాత్రం ఎలక్ట్రికల్ చదువుతానని పట్టుబట్టింది.

బావకు జి.డి.నాయుడు కథ చెప్పాను. 1893లో కోయంబత్తూరు దగ్గర తెలుగు కుటుంబంలో పుట్టాడు. బడి చదువు అంతంతమాత్రం. హోటల్లో పనిచేసి కూడబెట్టిన డబ్బుతో మోటారుసైకిలు కొని, ముక్కముక్కా విప్పి మళ్ళీ బిగించాడు. 1920లో పొల్లాచి, పళని మధ్య బస్సు నడిపాడు. 1937లో బాలసుందరం నాయుడితో కలిసి మన దేశంలోనే విద్యుత్ మోటారు తయారుచేయించాడు.

"అందరూ నాయుళ్ళవుతారా?" అన్నాడు బావ. కారు. కాని విప్పి చూసిన పిల్ల అడిగే ప్రశ్న, చూడనిపిల్ల అడగదు. బావ ఇంకా ఔననలేదు గాని, మొన్న కూతుర్ని మిల్లుకు తీసుకెళ్ళి మోటారు చూపించాడట!

మీ ఇంట్లోనూ విప్పనివ్వండి. ప్లగ్గు పీకడం మొదటి పాఠం. విప్పిన వరుసలో మరలు పళ్ళెంలో పేర్చడం రెండోది. మైక్రోవేవ్ ఓవెను, పాత పిక్చర్‌ట్యూబు టీవీల జోలికి పోకూడదన్నది మూడోది; ప్లగ్గు తీశాక కూడా వాటిలో ప్రాణం తీసేంత కరెంటు నిలిచి ఉండవచ్చు.

బిగించాక ఒక మర మిగిలిందా? కంగారు పడకండి. మళ్ళీ విప్పడమే నాలుగో పాఠం.