ఏటి చేపా? ఐసు చేపా?

ఉద్యోగరీత్యా ఊళ్ళు తిరిగేవారికి మైలురాళ్ళ కంటె భోజనశాలల గుర్తులే ఎక్కువ జ్ఞాపకముంటాయి. మన సంస్థలో క్షేత్ర పర్యటన నుండి తిరిగి వచ్చిన వారిని పని సంగతి విచారించిన తరువాత అడిగే రెండవ ప్రశ్న, "భోజనం ఎక్కడ చేశారు?" అన్నదే. ఆ ప్రశ్నకు మా వద్ద ఉన్న సమాధానాలలో ఒకదానిని ఈ మాసం పాఠకులతో పంచుకోదలచాము.

మేము చెప్పబోయే భోజనశాలకు పేరు లేదు, బోర్డు లేదు. అది మరైగూడకు పోయే దారిలో ఉన్న ఒక రేకుల షెడ్డు. అయినప్పటికీ ఆ దారిన పోయే లారీ డ్రైవర్లు, సంతకు వెళ్ళే వ్యాపారులు, సర్వే పని మీద వచ్చిన మా వంటివారు మధ్యాహ్నం పన్నెండు కాకముందే అక్కడ ఆగుతారు. అందుకు కారణం చేపల పులుసు.

రెండు నదుల నడుమ

మరైగూడ పూర్వపు బస్తరు జిల్లాకు దక్షిణపు కొసన ఉన్న గ్రామం. బస్తరు జిల్లా 1998లో విభజింపబడి దంతెవాడ జిల్లా ఏర్పడినది. 2012లో సుక్మా జిల్లా దాని నుండి వేరుపడినది. ఇప్పుడు మరైగూడ ఛత్తీస్‌గఢ్ రాష్ట్రపు సుక్మా జిల్లాలో, కొంటా తాలూకాలో, తెలంగాణ సరిహద్దుకు చేరువగా ఉన్నది. ఇక్కడి కోయ, దొర్ల కుటుంబాలలో తెలుగు తెలిసినవారు అనేకులు. సంతకైనా, వైద్యానికైనా భద్రాచలం వైపు రావటం ఈ ప్రాంతంలో చిరకాలపు అలవాటు.

ఊరికి ఒక వైపు కొంటా వద్ద శబరి, మరొక వైపు దుమ్ముగూడెం వద్ద గోదావరి ప్రవహిస్తున్నవి. శబరిని ఒడిశాలో కొలాబ్ అంటారు. కోరాపుట్ కొండలలో పుట్టిన ఈ నది, కొంటా సమీపంలో సీలేరును కలుపుకొని, కూనవరం వద్ద గోదావరిలో చేరుతుంది. ఇటువంటి చోట చేపల కూర దొరకటంలో వింత ఏమున్నదని పాఠకులు అనుకోవచ్చును. అసలు విశేషం అక్కడనే ఉన్నది.

నాలుగు బల్లల హోటలు

లోపల నాలుగు బల్లలు, ఎనిమిది బెంచీలు. వెనుక కట్టెల పొయ్యి. అడ్డాకుల విస్తరిలో వడ్డన. నడిపేది ఒక దంపతులు. భర్త తెల్లవారుజామున కొంటా రేవుకు పోయి, రాత్రి వలలు వేసినవారి వద్ద దొరికిన చేప తెస్తాడు. భార్య వంట, వడ్డన, లెక్క చూసుకుంటుంది. కొర్రమీను, వాలుగ, జెల్ల, బొమ్మిడాయి, లేకపోతే పరిగెలు - ఆ ఉదయం ఏది దొరికితే అదే ఆనాటి కూర. ఇది కావాలి, అది కావాలి అని అడిగే అవకాశం లేదు.

అక్కడ కూర్చున్న ప్రతివాడూ మొదట అడిగే మాట ఒక్కటే. మా డ్రైవరు కూడా అదే అడిగాడు.

"అక్కా, ఏటి చేపా, ఐసు చేపా?"

"ఏటి చేప నాలుగు ముక్కలే ఉన్నాయి తమ్ముడూ. అవి సార్లకు పెడతా. నీకు ఐసు చేపే."

డ్రైవరు ముఖం చూసి, రెండు రకాలూ అందరికీ సమంగా వడ్డించమని కోరాము. ఆమె రెండు గిన్నెలు తెచ్చి, ఏది ఏదో వేరువేరుగా చూపించి మరీ వడ్డించింది. ఎందుకింత జాగ్రత్త అని అడిగితే, "చెప్పకుండా పెడితే ఒక పూట తింటారు సార్, రెండోసారి ఆగరు" అన్నది. నాణ్యతా నియంత్రణ గురించి మనం తరగతులు పెట్టి చెప్పే విషయాన్ని ఆమె ఒక్క వాక్యంలో చెప్పింది.

వానాకాలం ఏరు నిండుగా ఉన్నన్నాళ్ళు ఏటి చేపకు కొదవ ఉండదట. ఎండాకాలంలో వారానికి రెండు రోజులు దొరికితే గొప్ప. మిగిలిన రోజులలో ఆధారం ఐసు పెట్టె. "మా మామగారి కాలంలో ఈ పెట్టె లేదు సార్, చేప లేని రోజు పొయ్యి వెలిగించేవాళ్ళు కాదు" అని ఆమె చెప్పింది.

ఐసు పెట్టెలోని లెక్క

ఆ ఐసు చేప ఎక్కడిదో పాఠకులలో కృష్ణా, గోదావరి జిల్లాల వారు ఈపాటికి ఊహించే ఉంటారు. కొల్లేరు, కైకలూరు, ఆకివీడు, భీమవరం ప్రాంతాల చెరువులలో పెంచిన శీలావతి, బొచ్చె చేపలే అవి. అక్కడి నుండి లారీలలో మంచు మధ్య పేర్చిన చేపలు ఈశాన్య రాష్ట్రాల దాకా పోతున్నవి. రెండు వందల కిలోమీటర్లకు పైబడిన కొంటా దారి వాటికి ఒక లెక్క కాదు.

ఈ ప్రయాణం ఎలా సాధ్యమో ఒక చిన్న లెక్కతో తెలుసుకోవచ్చును. ఒక కిలో మంచు కరగాలంటే 80 కిలోకాలరీల ఉష్ణం కావాలి. 30 డిగ్రీల వేడిలో ఉన్న ఒక కిలో చేపను సున్నా డిగ్రీలకు దించాలంటే దాని నుండి సుమారు 25 కిలోకాలరీలు తీసివేస్తే చాలు. అంటే ఒక కిలో మంచు సిద్ధాంతరీత్యా మూడు కిలోల చేపను చల్లబరచగలదు. అయినా వ్యాపారులు కిలో చేపకు కిలో మంచు వేస్తారు. మిగిలిన మంచు దారి పొడవునా బయటి నుండి లోపలికి చొరబడే వేడిని అడ్డుకోవటానికి ఖర్చవుతుంది. మంచు చాలినంత వేస్తే ఐసు చేప మంచి ఆహారమే. దానిని తక్కువ చేసి మాట్లాడవలసిన అవసరం లేదు.

రుచిలో తేడా మాత్రం ఉన్నది. ఏటి చేప ప్రవాహానికి ఎదురీదుతూ పెరుగుతుంది. కండ గట్టిగా ఉండి, పులుసులో ఉడికినా విడిపోదు. చెరువు చేప మేత సమృద్ధిగా తిని త్వరగా బరువెక్కుతుంది. ముక్క మెత్తగా, కొవ్వు అధికంగా ఉంటుంది. కొన్ని చెరువు చేపలలో మట్టి వాసన వస్తుంది. దీనికి కారణం నిలువ నీటిలోని కొన్ని సూక్ష్మజీవులు తయారుచేసే జియోస్మిన్ అనే పదార్థం. తొలకరి వానకు నేల నుండి వచ్చే కమ్మని వాసన కూడా దానిదే. నేల మీద ఆనందం కలిగించే ఆ వాసన విస్తరిలో మాత్రం మనకు సరిపడదు.

చింతపండు చేసే పని

మన పెద్దలు చేపను పులుసుగానే ఎక్కువ వండటంలో యుక్తి ఉన్నది. జియోస్మిన్ వాసన పులుపుకు తగ్గుతుంది. అదేవిధంగా సముద్రపు చేపలో నిలువ వలన పుట్టే నీచు వాసనకు మూలమైన ట్రైమిథైలమీన్ క్షారగుణం కలది. ఆమ్లం తగిలితే అది లవణంగా మారి ఆవిరి కాకుండా నిలిచిపోతుంది. పాశ్చాత్య దేశాలలో చేప మీద నిమ్మచెక్క పిండటం, మన ఇళ్ళలో చింతపండు పిసకటం ఒకే సూత్రం మీద ఆధారపడిన పద్ధతులు. ఆ హోటలు ఇల్లాలు ఐసు చేపకు పులుపు, మెంతి కొంచెం ఎక్కువ వేసి, ఏటి చేపకు తగ్గించటం మేము గమనించాము. రసాయన శాస్త్రం చదవకుండానే ఆమె మోతాదు కుదుర్చుకున్నది.

ఇక సముద్రం సంగతి. ఇంత లోపలి ప్రాంతానికి సముద్రపు పంట ఎండు రూపంలో చేరుతుంది. వారపు సంతలలో ఎండు నెత్తళ్ళు, ఎండు రొయ్యలు రాశులుగా పోసి అమ్ముతారు. బస్తరు వైపు ఎండుచేపను సుక్సీ అంటారు. వంకాయతో కలిపి వండిన ఎండు రొయ్యల కూర ఆ హోటలులో ఏటి చేప దొరకని రోజున చాలామందికి ఊరట.

ఆనకట్టకు ఇవతల, అవతల

"ఇక్కడ పులస దొరకదా?" అని మాలో ఒకరు అడిగారు. గోదావరి జిల్లాలలో పుస్తెలమ్మి అయినా పులస తినాలన్న నానుడి ఉన్నది కదా! ఆ చేప సముద్రంలో పెరిగి, వరద నీటికి గోదావరిలో ఎదురీదుతూ గుడ్లు పెట్టటానికి వస్తుంది. సర్ ఆర్థర్ కాటన్ 1847లో ప్రారంభించి 1852 నాటికి పూర్తి చేయించిన ధవళేశ్వరం ఆనకట్ట డెల్టాను అన్నపూర్ణగా మార్చినది. అదే ఆనకట్ట పులస దారికి అడ్డుగోడ కూడా అయినది. 1982లో పూర్తయిన కొత్త బ్యారేజీ వద్ద కూడా స్థితి అదే. గంగానదిపై ఫరక్కా బ్యారేజీ 1975లో పనిచేయటం మొదలైన తరువాత అలహాబాదు వైపు ఈ జాతి చేప బాగా తగ్గిపోయినది. నీలకంఠ రొయ్య పిల్లలకు కూడా తొలి దశలో ఉప్పు కలిసిన నీరు కావాలి. నదికీ సముద్రానికీ మధ్య దారి మూసుకుపోతే వాటికీ ఇబ్బందే.

ఇంజనీర్లమైన మేము ఆనకట్టలను నిందించటానికి ఈ మాట చెప్పటం లేదు. ఆ ఆనకట్ట లేనిదే మన విస్తరిలో అన్నం ఉండేది కాదు. ప్రతి నిర్మాణానికీ ఖర్చు పట్టికలో కనిపించని ఒక ఖర్చు ఉంటుందని, దానిని కూడా లెక్కలో చేర్చవలెనని మాత్రమే మా మనవి.

న్యూయార్కు నేర్పిన పాఠం

నీటికీ భోజనశాలకూ ఉన్న సంబంధం తెలియాలంటే న్యూయార్కు నగర చరిత్ర చూడవలెను. పందొమ్మిదవ శతాబ్దంలో ఆ నగరం ఆలిచిప్పలకు ప్రసిద్ధి. మనవైపు ఆలిచిప్ప అనగానే సున్నపు బట్టీ గుర్తుకు వస్తుంది. కాకినాడ అఖాతంలో ఏరిన చిప్పలను కాల్చి సున్నం చేసేవారు. అక్కడ దాని లోపలి మాంసాన్ని పచ్చిగానే తినటం ఆచారం. ధనికులూ, కూలీలూ, వీధి బండ్ల వద్దనూ, చిన్న చిన్న నేలమాళిగ హోటళ్ళలోనూ వాటిని తినేవారు. నగరపు రేవులోనే అవి విస్తారంగా పెరిగేవి.

ఆలిచిప్ప నీటిని వడగట్టి అందులోని ఆహారాన్ని తింటుంది. అనుకూల పరిస్థితులలో ఒక పెద్ద చిప్ప రోజుకు సుమారు 190 లీటర్ల నీటిని వడగట్టగలదు. కాని నీటిలో మురుగు ఉంటే రోగక్రిములు కూడా దాని శరీరంలో చేరుతాయి. పెరిగిన నగరం తన మురుగునంతా రేవులోకి వదిలినది. చివరకు 1927లో అక్కడి ఆఖరి ఆలిచిప్పల క్షేత్రాన్ని ఆరోగ్య కారణాల వలన మూసివేశారు.

హోటళ్ళు మాత్రం మూతపడలేదు. 1913లో గ్రాండ్ సెంట్రల్ రైల్వే స్టేషనులో ప్రారంభమైన ఆయిస్టర్ బార్ ప్రసిద్ధిగా నడిచినది. అక్కడి చిప్పలు ఇతర తీరాల నుండి వస్తాయి. తినేవారికి లోటు తెలియలేదు. 2014 నుండి ఒక స్వచ్ఛంద సంస్థ, 2035 నాటికి వంద కోట్ల చిప్పలను తిరిగి ఆ రేవులో పెంచే ప్రయత్నం చేస్తున్నది. అది నీటిని శుభ్రపరచటానికి, తీరాన్ని కాపాడటానికి. అవి ఇంకా తినటానికి పనికిరావు. మరైగూడ దారిలో రెండు గిన్నెలు ముందు పెట్టుకొని కూర్చున్నప్పుడు మాకు ఈ సంగతి గుర్తుకు వచ్చినది. ఏరు పక్కనే ఉన్నా, గిన్నెలలో ఒకటి అప్పటికే పరాయి నీటిది.

శబరి రేపటి రూపం

గోదావరిపై నిర్మాణంలో ఉన్న పోలవరం ప్రాజెక్టు పూర్తి నీటిమట్టం 150 అడుగులు. జలాశయం నిండినప్పుడు నిలువ నీరు శబరి వెంట పైకి పోతుంది. కూనవరం, చింతూరు ప్రాంతాలలో అనేక గ్రామాలు ముంపు జాబితాలో ఉన్నవి. ఎగువన కొంటా వైపు ముంపు ఎంత అన్నదానిపై ఛత్తీస్‌గఢ్, ఒడిశా రాష్ట్రాలు సుప్రీంకోర్టును ఆశ్రయించాయి. 2022 జూలై 16న భద్రాచలం వద్ద గోదావరి 71.3 అడుగులకు చేరినప్పుడు శబరి నీరు వెనుకకు తన్ని కొంటాను కూడా ముంచినది. 1986 ఆగస్టులో వచ్చిన 75.6 అడుగుల వరద తరువాత అంతటి వరద అదే.

నిలిచిన నీటిలోనూ చేపలు ఉంటాయి. అయితే ప్రవాహంలో బ్రతికే జాతులు తగ్గి, బొచ్చె, శీలావతి వంటివి పెరగటం జలాశయాలలో సాధారణం. పోలవరం స్పిల్‌వేలో చేపలు ఎక్కి పోవటానికి ప్రత్యేక మార్గం చేర్చటం హర్షణీయం. దాని ప్రయోజనం దిగువన ధవళేశ్వరం వద్ద చేపకు దారి దొరకటం మీద కూడా ఆధారపడి ఉంటుంది. రేవు, వల, వాటి మీద బ్రతికే కుటుంబాలు పునరావాసపు లెక్కలలో ఇల్లు, పొలం పక్కన చోటు చేసుకోవలెను.

ఈ విషయమై ఆ దంపతులను అడిగాము. భర్త కొంచెంసేపు ఊరకుండి, "నీళ్ళు ఎక్కడికి వస్తే అక్కడికి రేవు జరుగుతుంది సార్. మేమూ జరుగుతాం. చేప ఏది దొరుకుతుందో అదే తెలియదు" అన్నాడు. అతని మాటలో ఫిర్యాదు లేదు.

పాఠకులకు ఒక మనవి

30వ నంబరు జాతీయ రహదారి మీద భద్రాచలం, చింతూరు, కొంటా, సుక్మాల మీదుగా జగదల్‌పూర్ వెళ్ళే మన ఉద్యోగులు, వారి కుటుంబాలు ఎందరో ఉన్నారు. దారిలో ఇటువంటి చిన్న హోటళ్ళు కనిపిస్తే సంకోచించక ఆగవలెను. చేప చూసే అవకాశం ఉంటే మొప్పలు ఎర్రగా ఉన్నవా, కన్ను ఉబ్బెత్తుగా తేటగా ఉన్నదా, వేలితో నొక్కిన కండ తిరిగి పైకి లేస్తున్నదా అని చూడండి. మన ఇళ్ళలో బజారు చేసే గృహిణులకు ఇవి తెలిసిన పరీక్షలే.

పిల్లలు వెంట ఉంటే వారి చేత ఒక ప్రశ్న అడిగించండి: ఈ చేప ఏ నీటిది? జవాబు ఏదైనా పులుసు రుచిగానే ఉంటుంది. అడిగేవారు ఉన్నంతకాలం రెండు గిన్నెలు వేరువేరుగా పెట్టే హోటళ్ళు ఉంటాయి. ఏటికి పోయి చేప తెచ్చేవానికి తెల్లవారుజామున లేవటానికి కారణమూ ఉంటుంది.