నమ్మకమైన సృష్టికర్త

ధ్యాన భాగం: 1 పేతురు 4:19



కొన్నాళ్ల క్రితం కృష్ణా జిల్లా దివిసీమలోని ఒక పల్లెలో కుటుంబ ప్రార్థనకు వెళ్లాం. సముద్రానికి దగ్గర ఊరు. ఆదికాండము మొదటి అధ్యాయం చదివి, దేవుని శక్తిని గురించి నాలుగు మాటలు చెప్పాం. ఆయన పలికితే వెలుగు కలిగిందని, సముద్రానికి హద్దు పెట్టింది ఆయనేనని చెబుతుంటే చాపల మీద కూర్చున్నవారంతా తలలూపారు. ప్రార్థన ముగిశాక గోడవారగా కూర్చున్న ఒక మామ్మగారు మెల్లగా అడిగారు. "అయ్యగారూ, సముద్రానికి హద్దు పెట్టింది మన దేవుడే గదా. మరి ఆ రాత్రి ఆ హద్దు ఏమైపోయిందండీ?"

ఆ రాత్రి అంటే ఏ రాత్రో ఆ ప్రాంతంలో ఎవరికీ వేరే చెప్పనక్కరలేదు. 1977 నవంబరు 19, శనివారం. ఆనాటి తుఫానులో, ఉప్పెనలో సుమారు 10,000 మంది చనిపోయారు. మర్నాడు ఆరాధనకు రావలసిన ఎన్నో కుటుంబాలు తెల్లవారేసరికి లేవు. మామ్మగారి చేతుల్లోంచి ఇద్దరు పసిబిడ్డలు జారిపోయారు. తర్వాత ఎవరో బోధకుడు వచ్చి, అదంతా పాపానికి వచ్చిన శిక్ష అని చెప్పి వెళ్లాడట. "అప్పట్నుంచీ ఆ మాట మోస్తున్నానండీ" అన్నారావిడ.

ఆ రోజు మా దగ్గర తగిన జవాబు లేదు. ప్రార్థన చేసి వచ్చేశాం. కాని ఆ ప్రశ్న మమ్మల్ని వదల్లేదు. దేవుడు సర్వశక్తిగల సృష్టికర్త అని విశ్వాస ప్రమాణంలో నోరారా ఒప్పుకుంటున్నాం. ఆ ఒప్పుకోలు ఇలాంటి తల్లికి ఆదరణా, భారమా? లేఖనాలను మళ్లీ తెరిచి చూశాం.

చెరలో ఉన్నవారికి చెప్పిన మాట

దేవుని సృష్టి శక్తిని యెషయా 40వ అధ్యాయం వర్ణించినంత గొప్పగా వర్ణించే భాగాలు బైబిలులో కొన్నే ఉన్నాయి. ఆ మాటలు ఎవరికోసమో గమనించండి. క్రీ.పూ. 586 ప్రాంతంలో బబులోను సైన్యం యెరూషలేమును పడగొట్టి, దేవాలయాన్ని కాల్చి, ప్రజలను చెరపట్టుకుపోయింది. ఇల్లు లేదు, గుడి లేదు. చుట్టూ సూర్యుణ్ణి, చంద్రుణ్ణి దేవుళ్లుగా కొలిచే జనం. దేవుడు మమ్మల్ని మరచిపోయాడు అని ఏడ్చేవారికి ప్రవక్త చెప్పినది ఇది: కన్నులెత్తి ఆకాశం చూడండి, వాటిని చేసినవాడు వాటిని లెక్కచొప్పున నడిపిస్తున్నాడు, ఒక్కొక్కదాన్ని పేరుపెట్టి పిలుస్తున్నాడు, ఒక్కటీ తప్పిపోదు.

మన పాలపుంతలోనే 10,000 కోట్ల నక్షత్రాలకు తక్కువ ఉండవని శాస్త్రజ్ఞుల అంచనా. మన సూర్యుడు వాటిలో ఒకడు. అతని వెలుగు మన వాకిట్లోకి రావడానికి 8 నిమిషాలకు పైగా పడుతుంది. తర్వాత దగ్గరలో ఉన్న నక్షత్రం వెలుగుకు 4 సంవత్సరాలు దాటుతుంది. ఇంత లోకాన్ని చేసినవాడి ముందు మనమెంత అని భయపడతాం. ప్రవక్త మాత్రం ఆ లెక్కనే ఆదరణగా తిప్పి చెబుతున్నాడు. ఇన్నింటిలో ఒక్కదాన్ని మరువనివాడు నిన్నెలా మరుస్తాడు? అందుకే వెంటనే, ఆయన సొమ్మసిల్లినవారికి బలమిచ్చేవాడని చెబుతున్నాడు. సృష్టి సిద్ధాంతం మొదట వాదనలో గెలవడానికి ఇచ్చింది కాదు, కూలిపోయినవారిని లేపడానికి ఇచ్చింది.

కారణం చెప్పని దేవుడు

యోబు పదిమంది పిల్లలను పోగొట్టుకున్నది కూడా పెనుగాలికే. ఇల్లు కూలి వారు చనిపోయారు. స్నేహితులు వచ్చి కారణాలు చెప్పారు. నీ పిల్లలు పాపం చేసి ఉంటారన్నారు. చివరికి దేవుడు సుడిగాలిలోనుండి మాట్లాడాడు. సముద్రానికి తలుపులు, గడియలు పెట్టింది తానేనన్నాడు గాని, పిల్లలు ఎందుకు పోయారో ఒక్క మాట చెప్పలేదు. కాని కారణాలు చెప్పిన స్నేహితుల మీద ఆయన కోపం రగిలింది. అది 42వ అధ్యాయంలో ఉంది.

సిలోయము గోపురం కూలి 18 మంది చనిపోయినప్పుడు యేసు ప్రభువు కూడా అదే మాట తేల్చాడు. వారు యెరూషలేములో తక్కినవారికంటె పాపులు కారని చెప్పి, వింటున్నవారినే మారుమనస్సుకు పిలిచాడు (లూకా 13). కాబట్టి తోటి సేవకులకు మా మనవి. చావు ఇంటికి వెళ్లినప్పుడు దేవుడు చెప్పని కారణాన్ని మనం చెప్పకుందాం. దేవుని శక్తిని కాపాడుతున్నామనుకుంటూ ఆయన హృదయాన్ని అబద్ధంగా చూపిస్తాం.

దోనెలో ఉన్న సృష్టికర్త

గలిలయ సముద్రంలో తుఫాను లేచినప్పుడు శిష్యులు అడిగింది, నీకు శక్తి ఉందా అని కాదు. మేము నశించిపోతుంటే నీకు చింత లేదా అని. మామ్మగారి ప్రశ్న కూడా అదే. ప్రభువు గాలిని గద్దించాడు, నిజమే. కాని గద్దించకముందు కూడా ఆయన ఒడ్డున లేడు, అదే దోనెలో ఉన్నాడు. ఎవరి ద్వారా సమస్తమూ సృజింపబడిందో ఆయనే మన దోనె ఎక్కాడు, సిలువ ఎక్కాడు, మరణపు నీళ్లలో మునిగి లేచాడు. సర్వశక్తి, తండ్రి ప్రేమ వేరువేరు కావని మనకు తెలిసింది అక్కడే. విశ్వాస ప్రమాణంలో కూడా ఆ రెండు మాటలు పక్కపక్కనే ఉన్నాయి.

ఆ దోనెలో ఉన్నవాడే, మరోసారి నీళ్లమీద నడవబోయి మునగబోయినవాడే పేతురు. శ్రమపడుతున్న విశ్వాసులకు వ్రాస్తూ ఆయన దేవునికి పెట్టిన పేరు, నమ్మకమైన సృష్టికర్త. గ్రీకు క్రొత్త నిబంధనలో సృష్టికర్త అనే ఆ నామవాచకం కనిపించేది ఈ ఒక్కచోటే. మీ ఆత్మలను ఆయనకు అప్పగించుకోండి, మేలు చేయడం మానకండి అని అక్కడి ఉపదేశం.

అప్పగించుకోవడం అంటే చేతులు ముడుచుకోవడం కాదు. 1990 మే నెలలో మళ్లీ పెనుతుఫాను ఆంధ్ర తీరాన్ని తాకింది. లక్షకు పైగా జనాన్ని ముందుగానే తరలించడం వల్ల మరణాలు వెయ్యిలోపే ఉన్నాయి. అవీ తక్కువేమీ కాదు. కాని హెచ్చరిక వినడం, పొరుగువారిని లేపి తీసుకెళ్లడం, గుడి తలుపులు అందరికీ తెరవడం, అలల తాకిడిని తగ్గించే మడ అడవులను నరకకుండా కాపాడటం, ఇవన్నీ సృష్టికర్తను నమ్మినవారి పనులే. తోటను సేద్యపరచి కాయమని ఆయన మొదటి మనిషికే చెప్పాడు.

ఇంకా ముగియని పని

మొన్న మళ్లీ ఆ ఊరు వెళ్లాం. మామ్మగారి దగ్గర కూర్చుని, "ఆ రాత్రి ఎందుకలా జరిగిందో మాకు తెలియదు మామ్మగారూ. మీ పాపం వల్లనని చెప్పినవారికీ తెలియదు. ఆ మాట దించేసుకోండి" అన్నాం. యెషయా 40వ అధ్యాయం చదివాం. తర్వాత ప్రకటన 21వ అధ్యాయం. పత్మాసు లంకలో చుట్టూ నీళ్ల మధ్య ఉన్న యోహానుకు క్రొత్త ఆకాశం, క్రొత్త భూమి కనిపించాయి. అందులో సముద్రం లేదు. దేవుడే కన్నీళ్లు తుడుస్తున్నాడు. సృష్టించినవాడి పని ఇంకా ముగియలేదు.

ఆవిడ చాలాసేపు ఊరుకుని, "అయితే నా బిడ్డలిద్దరూ ఆయన లెక్కలో ఉన్నారంటారా అయ్యగారూ?" అన్నారు.

"ఉన్నారు మామ్మగారూ. పేర్లతో సహా" అన్నాం.

ఆ సాయంత్రం ప్రార్థన మామ్మగారే చేశారు. ఇద్దరి పేర్లూ పైకి చెప్పి ఆయనకు అప్పగించారు. మేము ఆమేన్ అన్నాం.

ప్రియులారా, మీ చేతుల్లోంచి జారిపోయినవారు, జారిపోయినవి ఏవైనా ఉంటే, నమ్మకమైన సృష్టికర్తకు పేరుపెట్టి అప్పగించండి. ఆయన లెక్కలో ఎవరూ తప్పిపోరు. ఆమేన్.