పాత లేత్‌కు డిజిటల్ కన్ను
షెడ్డులోనే అమర్చుకునే రీడౌట్‌తో కొలతల తిప్పలకు ఊరట

బోరు మోటారు షాఫ్టుపై బేరింగు కూర్చునే చోట కోత కాస్త ఎక్కువైతే పని మొదటికి వస్తుంది. 25 మిల్లీమీటర్ల బేరింగు బిగువుగా కూర్చోవాలంటే షాఫ్టు వ్యాసం అంతకన్నా 2 నుంచి 15 మైక్రాన్లు మాత్రమే ఎక్కువ ఉండాలన్నది సాధారణంగా పాటించే ప్రమాణాల్లో ఒకటి. మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. కొలత తప్పితే ఇనుము, కూలి వృథా కావడమే కాదు, రైతు చేనుకు నీరందడమూ ఆలస్యమవుతుంది.

విజయవాడ ఆటోనగర్ మొదలు మండల కేంద్రాల్లోని చిన్న షెడ్ల వరకు పాత లేత్‌లపై పనివారికి హ్యాండిల్ వద్ద గీతల చక్రమే ఆధారం. స్క్రూ, నట్టు అరిగేకొద్దీ వాటి మధ్య వదులు పెరుగుతుంది. హ్యాండిల్ దిశ మార్చినప్పుడు గీతలు దాటుతాయి గాని స్లైడు కదలదు. దీనినే బ్యాక్‌లాష్ అంటారు.

పనిచేసేది ఇలా..
డిజిటల్ రీడౌట్ స్క్రూతో నిమిత్తం లేకుండా స్లైడు కదలికనే నేరుగా కొలుస్తుంది. సాధారణ గాజు స్కేలుపై ప్రతి 20 మైక్రాన్లకు ఒక గీత ఉంటుంది. గీతల మీదుగా కదిలే రీడరు వెలుతురు మార్పును పసిగట్టి రెండు సంకేతాలు పంపుతుంది. ఏది ముందు వచ్చిందన్న దానినిబట్టి దిశ తెలుస్తుంది. గీతల మధ్య దూరాన్ని నాలుగు భాగాలుగా లెక్కించడంతో 5 మైక్రాన్ల కదలిక సైతం తెరపై కనిపిస్తుంది.

సొంతంగా చేసుకోవాలంటే..
స్కేళ్లు కొని, ఆర్డుయినో వంటి మైక్రోకంట్రోలర్ బోర్డుకు కలిపి, బ్లూటూత్ ద్వారా పాత ఆండ్రాయిడ్ ట్యాబ్లెట్‌పై అంకెలు చూసుకోవచ్చు. డిజిటల్ వెర్నియర్ తరహా స్కేళ్లు చౌకే అయినా తడికి తప్పుడు అంకెలు చూపుతాయి. కూలెంట్ వాడేచోట అయస్కాంత స్కేలు మేలు. లేత్‌పై క్రాస్ స్లైడు అర మిల్లీమీటరు జరిగితే వ్యాసం ఒక మిల్లీమీటరు తగ్గుతుంది. తెరపై వ్యాసమే కనిపించేలా ప్రోగ్రాం రాసుకుంటే లెక్క తప్పదు.

జాగ్రత్తలు
* స్కేలు స్లైడు కదిలే దిశకు సమాంతరంగా ఉండాలి. డయల్ గేజీతో రెండు చివరలా సరిచూడాలి.
* గాజు స్కేలు రబ్బరు అంచులు కిందికి ఉండేలా బిగించి, ఇనుప రజను పడకుండా పైన రేకు కప్పాలి.
* రీడరు తీగను మోటారు తీగలకు దూరంగా నడపాలి. యంత్రానికి ఎర్తింగ్ తప్పనిసరి.
* కరెంటు పోయిన సమయంలో హ్యాండిల్ తిప్పితే సాధారణ స్కేళ్లు ఆ కదలికను లెక్కించవు. కరెంటు వచ్చాక మళ్లీ సున్నా పెట్టుకోవాలి.

అరిగిన బెడ్‌ను, వంగే టూలును రీడౌట్ బాగుచేయలేదు. తెరపై 5 మైక్రాన్లు కనిపించినంత మాత్రాన పనిలో అంతటి ఖచ్చితత్వం వచ్చినట్లు కాదు. కనుక చివరి కోతకు ముందు మైక్రోమీటరుతో కొలిచి చూడటం తప్పనిసరి.